మైల లేని మాటలు

ఇంగ్లీషుకి మైల లేదని మా అమ్మ నమ్మకం. చావుకి సంబంధించిన తెలుగు మాట ఏది సంధ్యవేళ నోటివెంట వచ్చినా వంటింట్లోంచే కేకేసేది. పోయారు అనకూడదు, దినం అనకూడదు, కర్మ అనకూడదు. ఆఖరికి కరెంటు పోయిందన్నా ఒకసారి తల తిప్పి చూసేది. అదే నేను గడప లోపల మఠం వేసుక్కూర్చుని డిమైజ్, ఆబ్సిక్వీస్, మోర్టల్ రిమైన్స్ అని పద్యంలా వల్లె వేస్తుంటే మాత్రం, పప్పు ఎనుపుకుంటూ విని మురిసిపోయేది. పిల్ల బాగా చదువుకుంటోందని పాలు పోయడానికి వచ్చినావిడతో చెప్పుకునేది. ఆ మాటలన్నీ శవం చుట్టూ తిరిగేవేనని అమ్మకి తెలుసు. తెలిసినా అవి మన మాటలు కావు గనక అంటవని ఆవిడ లెక్క.

ఈ సంగతంతా మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం ఓ బరువైన పొట్లం. నాన్న సంవత్సరీకం అయ్యాక ముందు గది ఎవరికైనా అద్దెకిద్దామని అమ్మా నేనూ సర్దడం మొదలుపెట్టాం. బందరులో కోనేరు సెంటరు పక్క సందులో మా ఇల్లు. ముందు గది ప్రెస్సు, వెనకాల కాపురం. మిషను ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. కేసుల్లోని అక్షరాలు సీసం ధరకి పోయాయి. అటక మీద మాత్రం పాత దినపత్రికలో చుట్టి, పురికొసతో బిగించిన పొట్లం ఒకటి మిగిలింది. విప్పితే సీసం అక్షరాలు, వరసలు వరసలుగా, తలకిందులుగా. వేలితో దుమ్ము తుడిచి వెనకనుంచి చదువుకున్నాను. లెఫ్ట్ ఫర్ హెవెన్లీ అబోడ్, అంటే స్వర్గానికి వెళ్ళిపోయారని. దాని కింద ఇంకో వరస, ద బిరీవ్డ్. అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏంటది అని అడిగింది. ఏం లేదు, పాత అక్షరాలు అన్నాను.

పెద్దకర్మ కార్డులన్నిటిలోనూ మాటలు ఒకటే. అందుకని పని అయిపోగానే మిగతా అక్షరాలన్నీ విడదీసి కేసుల్లో పడేసినా, ఈ వరసల్ని మాత్రం నాన్న విప్పేవాడు కాదు. దారంతో కట్టి పక్కన పెట్టేవాడు. మళ్ళీ ఎవరో ఒకరు వచ్చినప్పుడు పేర్లు మాత్రం కొత్తగా కూర్చుకుంటే సరిపోయేది. ఆయన ముక్కుపొడి పీల్చి, పంచెకొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ కట్టని బల్లమీద పెట్టే పద్ధతిలోనే వచ్చిన పని పెళ్ళిదా, రెండోదా అని మాకు తెలిసిపోయేది. పెళ్ళి కార్డులప్పుడు ఆయన సన్నగా ఏదో కూనిరాగం తీసేవాడు.

ఇంట్లో ఆ రెండు పనులకీ రెండు దారులు. శుభలేఖలు లోపలి బల్లమీద, దేవుడి గూటికి ఎదురుగా. మూలలకి పసుపు రాసేది అమ్మే. నల్ల బోర్డరు కార్డులు మాత్రం వీధరుగు మీదే ఆరాలి, వీధరుగు మీదే కట్టలు కట్టాలి, అక్కణ్ణించే పోస్టుకి వెళ్ళాలి. ప్రూఫు చదివినవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. వానాకాలం చూరు కింద తడవకుండా ఆ కట్టల్ని గోనెపట్టాతో కప్పేవాళ్ళం గానీ, గుమ్మం దాటించేవాళ్ళం కాదు. కిరసనాయిలుతో అక్షరాలు కడిగిన వాసన, సిరా వాసన, ఉడికించిన మైదా జిగురు వాసన మా బట్టల్లో ఎప్పుడూ ఉండేవి. ఇప్పటికీ ఎక్కడన్నా కిరసనాయిలు వాసన తగిలితే నా కళ్ళు కాళ్ళు కడుక్కునే చెంబు కోసం వెతుకుతాయి.

అందుకునేవాళ్ళదీ అదే పద్ధతి. పోస్టుమేన్ కూడా అలాంటి కార్డు తెస్తే లోపలికి రాకుండా వీధిలోంచే పిలిచేవాడు. ఇంటాయన గుమ్మం బయటే నిలబడి చదివి, అడ్డంగా చింపి, కాలవలో పడేసి, నూతి దగ్గరికి వెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకుని అప్పుడు లోపలికి వచ్చేవాడు. నాన్న అంత కష్టపడి సరిచూసిన కార్డు ఏ ఇంట్లోనూ ఒక పూట కూడా నిలిచేది కాదు. నేను చిన్నప్పుడు దానికి బాధపడితే, నిలవకూడదనే కదా వేసేది అన్నాడు.

నేను ఇంటరు చదివే రోజులకి కార్డుకి రెండోవైపు ఇంగ్లీషు వేయించుకోవడం ఓ గౌరవమైంది. బంటుమిల్లి రొయ్యల చెరువులవాళ్ళూ, మొవ్వ వైపు రైతులూ, బ్యాంకు ఉద్యోగం చేసే ఒక్క అల్లుడుంటే చాలు, ఇంగ్లీషు వైపు కావాలనేవారు. నాన్నకి ఇంగ్లీషు రాదు. అక్షరం ఆకారం చూసి అక్షరం పెట్టేవాడు. అర్థం చూసే పని నాది. బడిలో బహుమతిగా వచ్చిన లావుపాటి డిక్షనరీ ఒకటి నా దగ్గర ఉండేది. డిమైజ్ అంటే మన మరణమే, కాకపోతే కోటు తొడుక్కున్న మరణం. ఎక్స్‌పైర్డ్ అంటే గడువు తీరడం. మాత్రల అట్టమీద కూడా అదే మాట ఉంటుందని చూపిస్తే, మనకి తారీఖు వెయ్యకుండా పంపాడు దేవుడు, బతికిపోయాం అన్నాడు నాన్న. మోర్టల్ రిమైన్స్‌కి నశించేదాంట్లో మిగిలినది అని అర్థం చెప్పాను. దాని బదులు బూడిద అంటే పోలా అన్నాడు. సర్వైవ్డ్ బై అనే మాట దగ్గర మాత్రం ఆయన నవ్వలేదు. ఫలానావాళ్ళు మిగిలి ఉన్నారు అని అర్థం నాన్నా అంటే, దివిసీమలో ఉప్పెన తర్వాత మా మేనత్త వాళ్ళూ అలాగే చెప్పుకునేవాళ్ళు, మేము మిగిలినవాళ్ళం అని, అన్నాడు.

బిరీవ్డ్ అన్న మాటకి డిక్షనరీలో పైన, దగ్గరివాళ్ళని చావు మూలంగా పోగొట్టుకున్నవారు అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో పాత అర్థం. ఎవరి దగ్గర్నించైతే బలవంతంగా లాగేసుకున్నారో వారు. దోపిడీకి గురైనవారు అన్నమాట. నేను అది చదివి, బాగుందే అనుకుని, మర్చిపోయాను.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక గుడివాడ దారిలో ఓ ఊళ్ళో పెద్ద రైతు పోయాడు. ఊరంతా ఆయన్ని పెద్దాయన అనేవారు. భార్య, ఇద్దరు కొడుకులు ఊళ్ళో ఉండేవాళ్ళు. ఆయన మాత్రం చాలా ఏళ్ళుగా బందరు చిలకలపూడిలో వరలక్ష్మి గారనే ఆవిడ ఇంట్లో ఉండేవాడు. ఆవిడ రోల్డ్ గోల్డ్ గొలుసులు అతికే పని చేసేది. చాటుమాటు కాపురం కాదు. ఇద్దరూ కలిసి రిక్షాలో బజారుకి వచ్చేవాళ్ళు. అయినా ఆవిణ్ణి ఏమని పిలవాలో ఎవరికీ తెలియక చిలకలపూడావిడ అనేవాళ్ళు. పెద్దాయనకి పక్షవాతం వచ్చి ఆ ఇంట్లోనే మంచాన పడ్డాడు. కొన్ని నెలలు ఆవిడే చూసుకుంది. చివర్లో కొడుకులు కారు తెచ్చి ఆయన్ని గుడివాడలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన అక్కడే పోయాడు. ఆవిడకి కబురు పంపినవాళ్ళు లేరు. బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే తెలిసింది. ఊరికి వెళ్తే పొలిమేరలోనే ఆపేశారని తర్వాత విన్నాం.

కార్డుల పనికి పెద్దకొడుకు గారు మా ప్రెస్సుకి వచ్చారు. రెండు వైపులా వేయాలి, ద బిరీవ్డ్ కింద తనదీ తమ్ముడిదీ పేర్లుండాలి, చిరునామాలు కూడా మేమే రాసి పోస్టు చెయ్యాలి. చిరునామాలు రాసే పని నా చేతిరాతకే పడేది. ఆయన చెబుతుంటే రాసుకుంటున్నాను. ఆఖర్న, చిలకలపూడిలో ఆవిడకి కూడా ఒకటి పంపండి అన్నారు. నాన్న తల పైకెత్తాడు. బయటివాళ్ళందరికీ పంపుతున్నాం కదండీ, ఆవిడకి మాత్రం ఎందుకు లోటు చెయ్యాలి అన్నారాయన, చాలా మర్యాదగా.

మర్నాడు పొద్దున ప్రూఫులు అరుగు మీద ఆరుతున్నాయి. వరలక్ష్మి గారు వచ్చి అరుగెక్కకుండా వీధిలోనే నిలబడ్డారు. నలిగిన నేత చీర, నూనె లేని జుట్టు. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పే మనిషి కూడా లేక కాబోలు, నుదుటిమీద చెరిగీ చెరగనట్టు మచ్చ ఉంది. అమ్మ తలుపు వెనకాల నిలబడింది గానీ బయటికి రాలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"అన్నయ్య గారూ, కార్డులు మీ దగ్గరే వేస్తున్నారని, నాకూ ఒకటి పంపమన్నారని తెలిసింది," అన్నారావిడ. "నా పేరు వెయ్యమని అడగటానికి రాలేదండి. నా హద్దు నాకు తెలుసు. నాకు కార్డు మాత్రం రానివ్వకండి."

నాన్నకి అర్థం కాలేదో, అర్థం కానట్టు ఉన్నాడో తెలీదు. కార్డు వస్తే ఏముందమ్మా, పిలిచినట్టే కదా అన్నాడు.

"చావింటికి కార్డు ఎక్కడన్నా వస్తుందా అండీ?"

నాన్న ముక్కుపొడి డబ్బీ తీయబోయి ఆగిపోయాడు. కార్డు చావింటినుంచి బయలుదేరుతుంది. అందుకున్నవాళ్ళు బయటివాళ్ళు. చదివి, చింపి, ఓ బకెట్టు నీళ్ళు నెత్తిన పోసుకుంటే వాళ్ళ బాధ్యత తీరిపోతుంది. పెద్దకొడుకు గారు పంపమన్నది పిలుపు కాదు. నువ్వు కూడా ఓ బకెట్టు నీళ్ళతో కడుక్కోవలసినదానివే అని పోస్టులో చెప్పడం. అంత మర్యాదగా అంత క్రూరమైన పని చేసినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ ప్రూఫుల వంక చూసి, ఇంగ్లీషులో ఏం రాశారమ్మా అని నన్నడిగింది. తండ్రి పోయారని రాశారు, కింద బిరీవ్డ్ అని పేర్లు ఉన్నాయి అన్నాను. ఆ మాటకి అర్థం చెప్పమంది. నేను డిక్షనరీ చదివిన అమ్మాయిని, పై అర్థంతో ఆగకుండా కింది అర్థం కూడా చెప్పాను. ఎవరి దగ్గర్నించైతే లాగేసుకున్నారో వాళ్ళు అని.

"కొడుకుల పేర్లే ఉన్నాయా?"

"అవునండి."

"వాళ్ళ దగ్గర్నించి ఎవరు లాక్కున్నారమ్మా?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగింది. నీకు ఆ కార్డు పంపనమ్మా, నువ్వు వెళ్ళు అని నాన్న నెమ్మదిగా చెప్పాడు.

నాన్న మాట మీద నిలబడ్డాడు. మిగతా కార్డులన్నీ పోస్టులో వేసి చిలకలపూడి కార్డు అరుగు మీదే ఉంచేశాడు. సాయంత్రం పెద్దకొడుకు గారు ఊళ్ళో పంచుకునే కట్టలు తీసుకెళ్ళడానికి వచ్చి అది చూశారు. ఇదేంటని అడిగారు. అది నావల్ల కాదండీ అన్నాడు నాన్న. వేరే ఏ సాకూ చెప్పలేదు. ఆయన నవ్వి, నీకు అప్పజెప్పింది అచ్చు పని, తీర్పులు చెప్పే పని కాదన్నారు. ఆ కార్డు తీసుకుని, సందు చివర ఎర్ర డబ్బా దాకా నడిచి వెళ్ళి స్వయంగా వేసి వచ్చారు. మేం అరుగు మీదనుంచి చూస్తూనే ఉన్నాం. నాన్న ఆ రాత్రి అన్నం కలిపి వదిలేశాడు.

ఇప్పుడు ఇదంతా ఎవరికైనా చెబితే ఒక కార్డు గురించి ఇంత రభసా అంటారు. వాళ్ళ తప్పు కాదు. ఇప్పుడు చావు కబురు ఫోనులోకి వస్తుంది. ఆర్ఐపీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, దండం బొమ్మ పెట్టి, కింద ఎవరిదో పుట్టినరోజు కేకు చూస్తాం. భోంచేస్తూ చదువుతాం, చేయి కూడా కడుక్కోం. అమ్మ చెప్పినట్టు ఇంగ్లీషుకి మైల లేదు కదా, అందరం అందులోకే మారిపోయాం. నాన్న పోయిన రోజు ఐస్ బాక్సు తెచ్చిన కుర్రాడు, బాడీ ఎప్పుడు తీస్తారండీ అని నన్నే అడిగాడు. తెల్లారేదాకా నాన్న, తెల్లారాక బాడీ. అన్ని మాటలకీ అర్థాలు చెప్పిన నాకు ఆ చిన్న మాట మింగుడు పడలేదు. ఆ కుర్రాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టలేదు, పదింటికి అన్నాను. వరలక్ష్మి గారు ఆ కార్డు గొడవ జరిగిన కొన్నేళ్ళకే పోయింది. ఆవిడకి ఎవరూ కార్డు వెయ్యలేదు. వేసినా కింద పెట్టడానికి పేర్లు లేవు.

ఆ కార్డు డబ్బాలో పడిన మర్నాడు కాక ఆ మర్నాడు అమ్మ పొద్దున్నే వంట మొదలుపెట్టింది. అన్నం, పెసరపప్పు చారు, మజ్జిగ. క్యారేజీలో సర్ది, నన్ను తోడు రమ్మంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. రిక్షావాడికి చిలకలపూడి అని చెప్పినప్పుడు నాకు తెలిసింది. పొయ్యి వెలగని చావింటికి వండిన అన్నం తీసుకెళ్ళడం దగ్గరి చుట్టాల పని. మేం ఆవిడకి చుట్టాలం కాదు, కులం కాదు. రెండ్రోజుల కిందట ఆవిడ వీధిలో నిలబడితే మంచినీళ్ళివ్వనిది కూడా మా అమ్మే.

వరలక్ష్మి గారి ఇంటి తలుపు తీసే ఉంది. గడప మీద నల్ల బోర్డరు కార్డు పడి ఉంది. పోస్టుమేన్ వేసిపోయినచోటే, వేసినట్టే. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే చింపాలి, చింపితే స్నానం చెయ్యాలి. లోపలికీ బయటికీ దాన్ని దాటుకుంటూ తిరుగుతోంది. అమ్మ వంగి ఆ కార్డు చేత్తో తీసింది. ఎప్పుడూ నల్ల బోర్డరు అంచు కూడా తాకని మనిషి.

"ఇది పొరపాటున వచ్చిందమ్మా," అంది. "ప్రెస్సువాళ్ళ పొరపాటు. ఈ ఇంటికి రావలసింది కాదు."

కార్డుని మడిచి సంచీలో వేసుకుని లోపలికి నడిచింది. ఒకే గది. గొలుసులు అతికే బల్లమీద దుమ్ము. గోడవార పెద్దాయన మంచం, కింద ఆయన చెప్పులు. పక్కింటివాళ్ళెవరూ రాలేదు. దేనికని రావాలో వాళ్ళకీ తెలియలేదు కాబోలు. అమ్మ క్యారేజీ పక్కన పెట్టి, నేలమీద చతికిలబడి, చావింట్లో అందరూ మొట్టమొదట అడిగే మాట అడిగింది. ఎలా జరిగిందమ్మా అని. ఆ మాట ఆవిణ్ణి అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. గంజి చెంచాతో పట్టేదాన్నని, మాట పడిపోయినా కళ్ళతో అడిగేవాడని, కారు వచ్చిన రోజు లోపల మెంతికూర తరుగుతున్నానని.

"కుడి చెయ్యి ఒక్కటే పనిచేసేది వదినా. దాంతో నా కొంగు పట్టుకున్నారు. పెద్దబ్బాయి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు."

అమ్మ అన్నం పెట్టి, ఆవిడ తినేదాకా కూర్చుంది. తిరుగు రిక్షాలో సగం దూరం వచ్చాక, ఆ రోజు ఆవిడకి చెప్పిన ఇంగ్లీషు మాట ఏంటని నన్నడిగింది. చెప్పాను. రెండు అర్థాలూ చెప్పాను. ఆ మాట ఇంక ఇంట్లో అనకు అంది.

ఇంటికి వచ్చాక అమ్మ లోపలికి రాలేదు. ముందు కార్డుని ముక్కలు చేసి కాలవలో పడేసింది. కార్డు అందుకున్నవాళ్ళు, చావిల్లు చూసి వచ్చినవాళ్ళు కూడా పెరటి సందులోంచి నూతి దగ్గరికి వెళ్ళి స్నానం చేస్తారు. అమ్మ అటు వెళ్ళలేదు. అరుగు కింద, వీధిలో, అందరూ చూసేచోట నిలబడి, పెరటి సందులోంచే వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెమ్మని నన్ను పంపింది. నేను చెంబుతో అమ్మ నెత్తిన పోస్తున్నాను. జుట్టు ముడి విడిపోయి మొహంమీద పడింది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాన్న ప్రెస్సు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో దారం కట్టిన అక్షరాలు అలాగే ఉన్నాయి. ఎదురింటి శేషమ్మత్తయ్య కంగారుగా బయటికొచ్చి, ఎవరమ్మా పోయింది, మీ వాళ్ళేనా అని అడిగింది.

అమ్మ మొహంమీది నీళ్ళు చేత్తో తుడుచుకుని, వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

"చిలకలపూడి వరలక్ష్మి గారి భర్త పోయారు వదినా. చూసొచ్చాను."

తర్వాత నావైపు తిరిగి, ఇంకో చెంబు పొయ్యమంది.